తాయారుకి నేనిచ్చిన గంటా ముప్పై ఐదు నిమిషాలు

మంగతాయారుకి హైదరాబాద్‌లో విమానం మారడానికి నేను గంటా ముప్పై ఐదు నిమిషాలు ఇచ్చాను. ఆమెకి కావలసింది నాలుగు గంటలు. ఆ తేడా వల్ల ఆమె కన్నకూతురి పెళ్ళి చూడలేకపోయింది. తప్పు నాది. విమానానిది కాదు, వాతావరణానిది కాదు, ఆమెది అసలే కాదు. ఈ మాట మొదటి పేరాలోనే రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు చెప్పాల్సిన చోట చెప్పలేదు.

నరసాపురంలో ముప్పై ఏళ్ళకు పైగా విమానం టికెట్లు తీసినవాణ్ణి. ఇప్పుడు మానేశాను. ఈ మధ్య ఈ పనిలోకి దిగిన కుర్రాళ్ళు ఇద్దరు మా ఇంటికి వచ్చి, "మూర్తి గారూ, దూరం, టైం, రేటు అన్నీ ఫోన్లోనే ఉన్నాయి కదండి, ఇంక నేర్చుకోవడానికి ఏముందండి" అన్నారు. ఉంది. అది ఫోన్లో లేదు. నేను ఎలా చేరానో, ఎవరు నాకు శాలువా కప్పారో మీకు అనవసరం. నేను ఎక్కడ తప్పానో చెబుతాను. నచ్చితే తీసుకోండి, నచ్చకపోతే మానెయ్యండి. ఎవరినో మెప్పించడానికి రాసే వయసు దాటిపోయింది.

గ్లోబు, లేసు దారం

నా బల్ల మీద బడిపిల్లల గ్లోబు ఒకటి ఉండేది. పక్కన లేసు దారం ఉండ. నా దగ్గరకు వచ్చే ఆడవాళ్ళలో సగం మంది లేసులు అల్లిన చేతులతోనే పాస్‌పోర్టు పట్టుకుని వచ్చేవారు. "కువైట్ ఎంత దూరమండి" అని అడిగితే దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస కువైట్ మీద పెట్టి బిగించి, ఆ ముక్కని స్కేలు మీద కొలిచి లెక్క కట్టేవాణ్ణి. "మూడు వేల మూడు వందల పైచిలుకు కిలోమీటర్లు. గాలిలో నాలుగూ ముప్పావు గంటలు." వాళ్ళు ఆ దారం ముక్క వైపు చూసేవారు. కొంతమంది దాన్ని చేతిలోకి తీసుకుని, "ఇంతేనాండి" అనేవారు.

ఆ విద్య నాకు రాజమండ్రిలో నేను మొదట పని చేసిన ఆఫీసులోని పెద్ద గుమాస్తా సుబ్రహ్మణ్యం గారు నేర్పారు. గోడ మీద పటం చదును, భూమి గుండ్రం. పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత విమానం వెళ్ళే దారి కాదు. గ్లోబు మీద దారం బిగిస్తే అది తనంతట తానే దగ్గరి దారి వెతుక్కుంటుంది. కొత్తగా వచ్చిన పిల్లలు ఇది ఒక్కసారైనా చేసి చూడాలి. తెర మీద వంకరగా కనిపించే దారి నిజానికి తిన్నని దారి అని చేతికి తెలుస్తుంది.

ఆయన ఇంకొకటి కూడా నేర్పారు. "దారం చెప్పేది విమానానికయ్యా. మనిషిని వేరే కొలవాలి. పెట్టెలు ఎన్ని, తోడు ఎవరు, బోర్డులు చదవగలరా. ఈ మూడూ అడక్కుండా టైం చెప్పకు."

మొదటి పాఠం నాకు బాగా నచ్చింది. అందరి ముందూ చేసి చూపించాను. ఊళ్ళో నన్ను గ్లోబు మూర్తి గారనేవారు. రెండో పాఠం పదేళ్ళు పాటించి, మెల్లగా వదిలేశాను. గ్లోబు తిప్పితే పేరొస్తుంది. మూడు ప్రశ్నలు అడిగితే ఎవరికీ పేరు రాదు.

టికెట్ మీది గడియారం

కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. అందుకని వెళ్ళేటప్పుడు టికెట్ చూస్తే మూడు గంటల లోపే ప్రయాణం అనిపిస్తుంది, వచ్చేటప్పుడు ఏడు గంటల దాకా అనిపిస్తుంది. రెండూ నిజం కావు. నిజంగా చూస్తే వెళ్ళేటప్పుడే కొంచెం ఎక్కువ. ఆ ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకి వీస్తుంది కాబట్టి, వెళ్ళే విమానం దానికి ఎదురు వెళ్ళాలి.

ఇదంతా ఒకసారి పాలకొల్లు నుంచి వచ్చిన ఒకావిడకి ఓపిగ్గా వివరించాను. ఆవిడ అంతా విని, "ఎదురుగాలి కాదండి. ఏడుస్తూ వెళ్తాం కదా, అందుకని బరువెక్కువ" అంది. ఆఫీసంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం నవ్వలేదు.

కువైట్, మస్కట్ వెళ్ళి ఇంటిపని చేసే ఆడవాళ్ళ గురించి మన జిల్లాలో చులకనగా మాట్లాడతారు. వాళ్ళు వేయించిన స్లాబు కింద కూర్చునే మాట్లాడతారు. ముప్పై ఏళ్ళు వాళ్ళ పాస్‌పోర్టులు పట్టుకున్నవాడిగా చెబుతున్నాను, అంత ధైర్యం ఉన్న మనుషుల్ని నేను మళ్ళీ చూడలేదు. ఈ మాట మీద నాతో ఎవరు గొడవకి వచ్చినా సిద్ధమే.

"మీరు చెప్పారంటే అంతేనండి"

మంగతాయారుది మొగల్తూరు. భర్త సూరిబాబు రొయ్యల చెరువు దగ్గర కాపలా. ఆరేళ్ళుగా కువైట్‌లో ఒక ఇంట్లో పని చేస్తోంది. ఒక్కర్తే కూతురు శిరీష. ఆ పిల్లకి పెనుగొండ సంబంధం కుదిరింది. తాయారు అక్కణ్ణుంచి ఫోన్ చేసింది.

"మూర్తి గారూ, నేనండి, మొగల్తూరు తాయారుని. ముహూర్తం పగలు పదకొండూ నలభై రెండుకండి. అందుకుంటానాండి?"

నేను అప్పటికే కంప్యూటర్ ముందు ఉన్నాను. "ఐదూ ఐదుకి హైదరాబాద్‌లో దిగుతారు. ఆరూ నలభైకి రాజమండ్రి ఫ్లైటు. ఏడూ ముప్పావుకి మధురపూడి ఎయిర్‌పోర్టు. అక్కణ్ణుంచి కారులో మూడు గంటలు వేసుకోండి. పదకొండు లోపు పందిట్లో ఉంటారు. ఇంకా ముప్పావుగంట మిగులుతుంది."

"ఫ్లైటు మారడానికి టైం సరిపోద్దాండి? మేడం నసుగుద్ది గాని, గట్టిగా అడిగితే ఇంకో రోజు ముందే వదుల్తాదండి. అడగమంటారా?"

"అక్కర్లేదమ్మా. అంతా ఒకే బిల్డింగు. నిడదవోలులో రైలు దిగి పక్క ప్లాట్‌ఫారం ఎక్కినట్టు. కంగారు పడకండి."

"మీరు చెప్పారంటే అంతేనండి."

ఆ మాట ముప్పై ఏళ్ళు విన్నాను. అదే నన్ను పాడు చేసింది.

ఇప్పుడు నా తప్పుని విడగొట్టి చెబుతాను, వృత్తిలో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. ఆ రెండు విమానాలూ వేరు వేరు కంపెనీలవి, వేరు వేరు టికెట్లు. ఒకే టికెట్ అయితే మొదటి విమానం వాళ్ళే రెండోదాని బాధ్యత తీసుకుంటారు. వేరు టికెట్లయితే మనిషి పూర్తిగా బయటికొచ్చి, పెట్టె తీసుకుని, కొత్త ప్రయాణికుడిలా మళ్ళీ లోపలికి వెళ్ళాలి. రెండో విమానం కౌంటరు గంట ముందు మూసేస్తారు. అంటే ఐదూ నలభైకి. నేను గంటా ముప్పై ఐదు నిమిషాలు ఇచ్చాననుకున్నాను. ఇచ్చింది ముప్పై ఐదు నిమిషాలు. విమానం నేల మీద వాలాక తలుపు తెరవడానికే పావుగంట పడుతుంది.

ఈ రూల్ నాకు తెలియదా? తెలుసు. రాజమండ్రి నుంచి ఎక్కేవాళ్ళకి రోజూ చెప్పేదే. దిగి ఎక్కేవాళ్ళకి కూడా అదే వర్తిస్తుందని ఆ రోజు తట్టలేదు. ఇంకో సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. వేలమందిని విమానం ఎక్కించిన నేను అప్పటికి ఒక్కసారి కూడా ఎక్కలేదు. హైదరాబాద్ విమానాశ్రయం లోపల ఎలా ఉంటుందో నాకు తెలియదు. నాకు తెలిసినది నిడదవోలు. అందుకే నిడదవోలు చెప్పాను.

నేను ఆడిన అబద్ధం

పెళ్ళి రోజు ఉదయం ఆరున్నరకి ఫోన్ వచ్చింది. తాయారు ఎవరి ఫోనో అడిగి తీసుకుని చేసింది.

"మూర్తి గారూ, కౌంటరు మూసేశారంటండి. ఫ్లైటు ఇంకా ఇక్కడే ఉందంట, నన్ను మాత్రం వెళ్ళనివ్వట్లేదండి. మీరోసారి మాట్లాడండి."

కౌంటరు దగ్గర అమ్మాయి గొంతు వినిపించింది. "సర్, ఫైవ్ ఫార్టీకే క్లోజ్ అయిపోయిందండి. మేం ఏం చెయ్యలేం."

మళ్ళీ తాయారు. "ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి. ఏడవడానిక్కూడా టైం లేదండి."

తరువాతి రాజమండ్రి విమానం మధ్యాహ్నం. అదీ నిండిపోయింది. అద్దె కారు మాట్లాడుకుని బయలుదేరమన్నాను. రోడ్డు మీద తొమ్మిది గంటలు. ముహూర్తం అందదని ఇద్దరికీ తెలుసు.

వెంటనే మా ఓనరు బాబ్జీ గారికి ఫోన్ చేశాను. విషయం విని ఆయన నిదానంగానే అన్నారు. "విమానం లేటయ్యిందని చెప్పవయ్యా. వాళ్ళేమన్నా వెళ్ళి చూస్తారా? మన పని టికెట్ వరకే."

బాబ్జీ గారిని చెడ్డవాడని రాయను. కువైట్‌లో మనవాళ్ళు ఎవరైనా పోతే, ఆ శవాన్ని ఇంటికి చేర్చే దాకా ఆయన భోజనం సరిగ్గా చేసేవారు కాదు. కాని "మన పని టికెట్ వరకే" అనే మాట ఆయన నరాల్లో ఉంది. ఈ వ్యాపారంలో అందరి నరాల్లోనూ ఉంది. ఆ మాట పూర్తిగా తప్పు. మన దగ్గరకు ఎవరూ టికెట్ కోసం రారు. ఇంటికి చేరడం కోసం వస్తారు. ఇది ఒప్పుకోలేనివాళ్ళు సినిమా టికెట్లు అమ్ముకోవచ్చు.

ఇంత గట్టిగా రాస్తున్నాను కాని ఆ ఉదయం నేను చేసిందేమిటంటే, సూరిబాబుకి ఫోన్ చేసి, "విమానం లేటండి" అన్నాను.

"అయ్యో, అలాగాండి. ఎంత లేటండి?"

"చెప్పలేమండి."

పందిట్లో

పెళ్ళికి నన్నూ పిలిచారు. వెళ్ళకపోతే అనుమానం వస్తుందని వెళ్ళాను.

పదకొండు అవుతుండగా సూరిబాబు అన్న వీర్రాజు, పెళ్ళికొడుకు బావ, ఇంకో నలుగురు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. పెళ్ళికొడుకు బావకి పెనుగొండలో సెల్ షాపుంది. ఆయన ఫోన్ తీసి ఏదో చూసి, "బాబాయ్ గారూ, ఫ్లైటు లేటేం కాలేదండి. ఐదింటికే దిగింది. మూడు నిమిషాలు ముందే దిగింది. ఇదిగోండి" అన్నాడు.

వీర్రాజు ఫోన్ చేతిలోకి తీసుకుని చూశాడు. "అయితే మా మరదలు గారు ఎక్కడ తిరుగుతున్నారంటావు?"

వెనక నుంచి ఒకావిడ, "కువైట్ ఏసీలు అలవాటైనోళ్ళకి మన తాటాకు పందిరి ఆనుద్దా ఏంటి" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

సూరిబాబు నా వైపు తిరిగాడు. "మూర్తి గారూ, మీరు లేటన్నారు కదండి?"

అప్పుడు చెప్పాలి. అందరూ ఉన్నారు, అడిగినవాడు ఆమె భర్త. నోటిదాకా వచ్చింది కూడా. నేనన్న మాట ఇది: "ఏమోనండి, మాకు అలాగే చెప్పారు."

ఆ ఒక్క మాటతో నేను తప్పుకున్నాను, నిందంతా తాయారు మీద పడింది. ఐదింటికి దిగిన ఆడమనిషి పదకొండింటికి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇక ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవచ్చు.

తల్లి లేకుండా తండ్రి ఒక్కడే పీటల మీద కూర్చోకూడదని, మేనమామ దంపతుల్ని కూర్చోబెట్టి కన్యాదానం చేయించారు. సూరిబాబు స్తంభం పక్కన నిలబడి చూశాడు. అడ్డుతెర పట్టేదాకా శిరీష వీధి గుమ్మం వైపే చూసింది. తెర పట్టాక చూడటానికి వీల్లేకపోయింది.

నేను భోజనం కూడా చేశాను. ఆకులో రెండు బూరెలు వేశారు. తిన్నాను.

తాయారు సాయంత్రం అయిదవుతుండగా చేరిందట. కూతురు లేవలేదట. "వచ్చావా, కాళ్ళు కడుక్కో" అందట. అంతే.

నా బల్ల ముందు

నాలుగో రోజు తాయారు ఆఫీసుకి వచ్చింది. బోర్డింగ్ పాస్ ముక్క నా బల్ల మీద పెట్టింది.

"నాకు జవాబు చెప్పండి. మా ఆయన నాతో మాట్లాడట్లేదు. నా కూతురు అత్తారింటికెళ్ళాక ఫోన్ ఎత్తట్లేదు. ఐదింటికి దిగినదానివి సాయంత్రం దాకా ఎక్కడున్నావంటున్నారు. ఆ కారు డ్రైవరు ఎవరంటున్నారు. ఆరేళ్ళు పరాయి దేశంలో ఉన్నానండి. అక్కడ కూడా నన్నెవరూ ఈ మాట అడగలేదు."

పక్క గదిలోంచి బాబ్జీ గారు వచ్చారు. "కూర్చోమ్మా తాయారు. మేం విమానం కంపెనీకి కంప్లయింట్ పెడతాం. వాళ్ళని వదలం."

"పెట్టక్కర్లేదండి" అన్నాను. "కంపెనీ తప్పేం లేదు. టైం తక్కువ ఇచ్చింది నేను. లేటని మీ ఇంటికి అబద్ధం చెప్పిందీ నేనే."

"మూర్తీ, నువ్వోసారి లోపలికి రా."

నేను లేవలేదు. ఇన్నేళ్ళలో ఆయన పిలిస్తే లేవకపోవడం అదే మొదటిసారి.

తాయారు బోర్డింగ్ పాస్ ముక్క మళ్ళీ చేతిలోకి తీసుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఇక్కడ చెప్తే ఏం లాభమండి. ఇక్కడున్నది మనమే కదా. నన్ను పందిట్లో అన్నారు."

"పదహారు రోజుల పండక్కి వాళ్ళంతా వస్తారు కదా. నేను వచ్చి చెప్పనా?"

"రండి. కాని భోజనానికి రాకండి."

ఆమె వెళ్ళాక బాబ్జీ గారు గట్టిగానే అన్నారు. ఊళ్ళో అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే ఇంకెవరూ మన గుమ్మం ఎక్కరన్నారు. నా ఒక్కడి పాపభీతికి షాపు మునగాలా అన్నారు. "మునిగితే మునగనివ్వండి, ఆవిడ మునగకూడదు" అన్నాను. ఆ నెలాఖరుకి నేను మానేశాను. ఆయన పొమ్మనలేదు, నేను ఉండలేదు. ఇప్పటికీ ఎదురైతే పలకరించుకుంటాం.

పదహారు రోజుల పండుగ

వెళ్ళేముందు ఒక పని చేశాను. రైలెక్కి హైదరాబాద్ వెళ్ళి, తెల్లవారేసరికి విమానాశ్రయంలో జనం బయటికి వచ్చే చోట నిలబడ్డాను. తాయారు వచ్చిన విమానమే ఆ రోజూ వేళకే దిగింది. వాచీ చూస్తూ ఉన్నాను. చేతిసంచీతో వచ్చే మగవాళ్ళు ముప్పావుగంటలో బయటపడ్డారు. తాళ్ళు కట్టిన అట్టపెట్టెలతో ఉన్న మొదటి ఆడమనిషి రావడానికి గంటా ఇరవై నిమిషాలు పట్టింది. అమలాపురం వైపు ఆవిడ. లోపల ఏం జరిగిందో అడిగాను. ఒకేసారి మూడు గల్ఫ్ విమానాలు దిగాయట, పాస్‌పోర్టుల దగ్గర పెద్ద వరసట, తరువాత కస్టమ్స్ వాళ్ళు పెట్టె విప్పించారట. ఒక్కొక్కటి రాసుకున్నాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు చెయ్యాల్సిన పని అది.

పండుగ రోజు మొగల్తూరులో సూరిబాబు వాకిట్లో కుర్చీలు వేశారు. పెనుగొండ వియ్యాలవారంతా వచ్చారు. శిరీష భర్త పక్కన కూర్చుని ఉంది. తాయారు వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, ఇంట్లో మనిషిలా కాదు, సాయానికి పిలిచిన మనిషిలా.

నన్ను చూడగానే వీర్రాజు, "ఏంటి మూర్తి గారూ, విమానం ఇప్పుడు దిగిందాండి?" అన్నాడు. బాగా నవ్వారు.

"లేదండి. ఆ రోజే దిగింది. వేళకే దిగింది" అన్నాను. "లేటని మీకు చెప్పింది అబద్ధం. చెప్పింది నేను. విమానం మారడానికి ఆవిడకి చాలినంత టైం ఇవ్వనిది కూడా నేనే. ఒక రోజు ముందే వస్తానని ఆవిడ అడిగితే అక్కర్లేదన్నాను."

పెళ్ళికొడుకు బావ ముందుకు వంగాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే అడిగాడు. "ఐదింటికి దిగితే ఐదూ నలభైకి కౌంటరు దగ్గరుండొచ్చు కదండి?"

కాగితం తీసి చదివాను. తలుపు తెరవడం, బస్సు, వరస, పెట్టె, కస్టమ్స్, మళ్ళీ పైకి ఎక్కి గేటు దగ్గర తనిఖీ. ఒక్కొక్కదాని పక్కన నిమిషాలు. "మీ ఫోన్లో దిగింది అని పడుతుందండి. అది చక్రాలు నేలకి తగిలిన టైం. మనిషి బయటపడే టైం ఏ ఫోన్లోనూ పడదు."

వీర్రాజు ఒప్పుకోలేదు. "ఆవిడ చెప్పమంది, మీరు చెప్తున్నారు. ఎవరికి తెలుసండి?"

"వీర్రాజు గారూ, నాకు ఆవిడతో చుట్టరికం లేదు. ఇక్కడ ఈ మాట చెప్పినందుకు నా ఉద్యోగం ఉండదు. మీరు తిట్టాలంటే నన్ను తిట్టండి, సాయంత్రం దాకా ఇక్కడే నిలబడతాను. ఆవిణ్ణి మాత్రం ఇంకొక్క మాట అనకండి. ఈ పెళ్ళి ఎవరి కష్టం మీద జరిగిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

పెళ్ళికొడుకు తల్లి తన కుర్చీ నా వైపు జరుపుకుంది. అప్పుడు అడిగింది. "మరి ఆ రోజు మీరు పందిట్లోనే ఉన్నారు కదండి. అప్పుడెందుకు చెప్పలేదు?"

"భయపడ్డానండి."

ఆవిడ తలూపింది. క్షమించినట్టు కాదు, అర్థమైనట్టు.

శిరీష లేచి వంటింటి గుమ్మం దగ్గరకు వెళ్ళింది. తల్లి మొహం చూడకుండా అడిగింది. "ఆ రోజు దార్లో ఏం తిన్నావు?"

"ఏం తినలేదే."

"తొమ్మిది గంటలూనా?"

"ఎక్కడ ఆపమంటానే. ముహూర్తం దాటిపోద్దని."

"దాటిపోయిందని నీకు తెలుసు కదా."

"తెలుసు. అయినా ఆపమనలేదు."

శిరీష తల్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన కుర్చీలో కూర్చోబెట్టింది. తను కింద చాప మీద కూర్చుంది. సూరిబాబు లోపలికి వెళ్ళి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి తాయారు చేతికిచ్చాడు. నేను అక్కణ్ణుంచి వచ్చేశాను.

దీంతో అంతా బాగైపోయిందని రాస్తే మళ్ళీ అబద్ధమవుతుంది. కన్యాదానం మళ్ళీ చెయ్యరు. పెళ్ళి వీడియోలో పీటల మీద ఇప్పటికీ మేనమామ, అత్త ఉన్నారు. వీర్రాజు ఈ రోజుకీ నమ్మలేదు. తాయారు ఇంకా ఏడాదిన్నర ఒప్పందం ఉందని కువైట్ తిరిగి వెళ్ళింది. శిరీష రాజమండ్రి దాకా వెళ్ళి దిగబెట్టి వచ్చింది.

ఆ తరువాత చేసినవి

బాబ్జీ గారి దగ్గర మానేశాక, మా ఇంటి వీధి అరుగు మీద బల్ల వేసుకుని నాలుగేళ్ళు టికెట్లు తీశాను. ప్రతి ఒక్కరికీ టికెట్‌తో పాటు ఒక కాగితం నా చేత్తో తెలుగులో రాసి ఇచ్చాను. అందులో గాలిలో ఎంతసేపో ఒక్క ముక్కలో ఉండేది. మిగతా కాగితమంతా నేల మీద ఎంతసేపో. ఏ వరసలో నిలబడాలి, ఏ కాగితం చేతిలో పట్టుకోవాలి, ఎవరిని అడగాలి, ఇంటి గుమ్మంలోకి ఎన్నింటికి వస్తారు. హైదరాబాద్‌లో నాలుగు గంటల కంటే తక్కువ వ్యవధి ఉన్న వేరు టికెట్లు తియ్యనని ఖచ్చితంగా చెప్పేవాణ్ణి. "పక్క షాపులో ఇస్తున్నారండి" అనేవారు. "అక్కడే తీసుకోండి" అనేవాణ్ణి. కొంతమంది వెళ్ళిపోయారు. వెళ్ళనిచ్చాను. అతిజాగ్రత్త మూర్తి అని పేరు పెట్టారు. గ్లోబు మూర్తి కంటే ఇదే నయం.

కుర్రాళ్ళకి ఒక్క మాట. తప్పు చెయ్యకుండా ఈ పని చెయ్యలేరు. చేసినప్పుడు మొదటి గంటలోనే, ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళకి, మీ నోటితో చెప్పండి. ఓనరు ఒప్పుకోడు, వ్యాపారం పోతుందంటాడు. పోనివ్వండి. నేను పదహారో రోజు దాకా ఆగాను. ఆ పదిహేను రోజులూ ఒక మనిషి తన ఇంట్లోనే దోషిలా బతికింది. నేను చేసిన తప్పుల్లో పెద్దది టైం తక్కువ ఇవ్వడం కాదు, ఆ ఆగడం.

పెళ్ళయిన ఏడాదికి శిరీష ఫోన్ చేసింది.

"మూర్తి గారూ, నాకు శ్రీమంతం చేస్తున్నారండి. అమ్మ రావాలి. టికెట్ మీరే తియ్యండి."

"నేనామ్మా?"

"మీరేనండి. ఇంకొకళ్ళయితే ఇంత భయపడుతూ తియ్యరు."

శ్రీమంతానికి మూడు రోజుల ముందు దిగేలా తాయారుకి టికెట్ తీశాను. హైదరాబాద్ నుంచి రెండో విమానం పెట్టలేదు. ముందు రోజు మధురపూడి వెళ్ళి, అరవై రెండేళ్ళ వయసులో మొదటిసారి విమానం ఎక్కాను. గంట సేపు కిటికీ చువ్వ పట్టుకున్నట్టు కుర్చీ చెయ్యి పట్టుకునే కూర్చున్నాను. మర్నాడు ఉదయం ఆమె బయటికి రాగానే ఒక పెట్టె నేను అందుకున్నాను. "మీరెందుకు వచ్చారండి ఇంత దూరం" అంది. రెండో పెట్టె కూడా అందుకున్నాను. కారులో తీసుకొచ్చాను. సూర్యాపేట దగ్గర ఆపించి టిఫిను చేయించాను, విజయవాడ దాటాక ఆపించి భోజనం పెట్టించాను. "టైమైపోద్దేమోనండి" అని రెండుసార్లు అంది. "అవదండి, తినండి" అన్నాను.

మొగల్తూరులో వాళ్ళ ఇంటి ముందు ఆగేసరికి ఎండ వాలుతోంది. పుట్టింటికి వచ్చేసి ఉన్న శిరీష నడుం మీద చెయ్యి పెట్టుకుని అరుగు మీంచి మెల్లగా లేస్తోంది. పెట్టెలు దింపించి, లోపలికి రమ్మన్నా వినకుండా, అదే కారులో నరసాపురం వచ్చేశాను.